పొరుగును బట్టి మారే పొర

సికింద్రాబాద్ మహేంద్రా హిల్స్‌లోని ఆనంద బుద్ధ విహారకు వచ్చేవారికి అనిత్యం కొత్త మాట కాదు. కృష్ణా తీరంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు అంతకంటే లోతైన ప్రశ్న వేశాడు. దేని మీదా ఆధారపడని సొంత స్వభావం ఏ వస్తువుకైనా ఉందా? ఉంటే అది మారకూడదు, మారితే అది స్వభావమే కాదు. మూలమధ్యమకకారిక 15వ ప్రకరణం సారం ఇదే.

ఈ ప్రశ్న గచ్చిబౌలిలోనూ ఎదురవుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలు మైక్రోవేవ్ పరికరాల కోసం బేరియం స్ట్రాన్షియం టైటనేట్ పలుచని పొరలను తయారుచేసి పరీక్షించారు. విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పేది పర్మిటివిటీ. ఈ పొరలో దాన్ని వోల్టేజీతో తగ్గించవచ్చు. క్షేత్రం పెరిగేకొద్దీ టైటానియం అయాన్లు బిగుసుకుని, మైక్రోవేవ్ తరంగానికి తక్కువగా కదులుతాయి. దాంతో ఫిల్టర్ వేరే పౌనఃపున్యాన్ని అందుకుంటుంది, యాంటెన్నా కదలకుండానే దాని కిరణం దిశ మారుతుంది. పొర మందం అర మైక్రోమీటరే అయితే 20 వోల్టులు చాలు, మైక్రోమీటరుకు 40 వోల్టుల క్షేత్రం పుడుతుంది.

మరి ఈ పదార్థపు అసలు పర్మిటివిటీ ఎంత? దిమ్మగా ఉంటే వేలల్లో, పొరగా ఉంటే తరచూ వందల్లో. బేరియం టైటనేట్ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకా ఫెర్రోఎలక్ట్రిక్, అంటే బయటి క్షేత్రం లేకున్నా దానిలో విద్యుత్ ధ్రువణం నిలిచి ఉంటుంది. సగం బేరియం తీసి స్ట్రాన్షియం చేరిస్తే ఆ హద్దు సున్నా కిందికి దిగుతుంది. స్ట్రాన్షియం టైటనేట్ కథ మరీ ఆశ్చర్యం. స్వచ్ఛమైన దిమ్మను ఎంత చల్లబరిచినా అది ఫెర్రోఎలక్ట్రిక్ కాదు. అలాంటిదాన్ని డిస్ప్రోసియం స్కాండేట్ స్ఫటికం మీద పొరగా పెంచితే, కింద పరమాణువుల ఎడం కాస్త ఎక్కువ కావడంతో పొర సాగి, గది ఉష్ణోగ్రత దగ్గరే ఫెర్రోఎలక్ట్రిక్ అయిందని 2004లో తేలింది. రసాయన సూత్రం అదే, మారింది పొరుగు.

విలువలు మారినా అవి మారే నియమం మారలేదు కదా, అదే స్వభావం అని భౌతికశాస్త్రవేత్త అనవచ్చు. అభ్యంతరం బలమైనదే. కానీ ఆ నియమంలో ఉష్ణోగ్రత, ఒత్తిడి, క్షేత్రం లేకుండా ఏ సమీకరణమూ పూర్తికాదు. పొరను ఒంటరిగా వర్ణించే వాక్యమే అందులో లేదు.

ఇది నాగార్జునుడి వాదానికి రుజువు కాదు, ఆయన రాసింది భౌతికశాస్త్రమూ కాదు. అయినా స్వభావం లేదంటే వస్తువే లేదన్నట్టని భయపడేవారికి ఈ పొరను చూపాలి. వస్తువులు స్వభావశూన్యం కాకపోతే లోకంలో ఏ పనీ సాగదని ఆయన 24వ ప్రకరణంలో వాదించాడు. గట్టిగా ఒకే విలువకు కట్టుబడిన పొరతో ట్యూన్ చేసే ఫిల్టర్ తయారు కాదు.

అయితే ఈ మారే గుణానికి మూల్యమూ ఉంది. ఎక్కువగా మారే పొరల్లో సాధారణంగా మైక్రోవేవ్ శక్తి నష్టమూ ఎక్కువే. మెగ్నీషియం కలిపి నష్టాన్ని తగ్గిస్తే, మారే గుణమూ కొంత తగ్గుతుంది. ఏ పరికరానికి ఎంత నష్టం భరించవచ్చో చూసుకుని పాళ్లు నిర్ణయించుకోవాల్సిందే.