తాళం విప్పే విద్య నేర్పవచ్చునా?

ఇంజనీరింగు చదువుతున్న బిడ్డ సెలవులకు వచ్చి, “అమ్మా, ఈ సెమిస్టరులో కంప్యూటర్లలోకి దొంగచాటుగా ఎలా చొరబడతారో నేర్పుతున్నారు” అంటే, ఆ తల్లి గుండె ఝల్లుమనడం సహజమే. అంతంత ఫీజులు కట్టి దొంగవిద్య నేర్పిస్తున్నామా అని తండ్రి విసుక్కున్నా తప్పుపట్టలేము. కంప్యూటరు, నెట్‌వర్కు భద్రతకు సంబంధించిన కోర్సుల్లో రక్షణతోపాటు దాడి చేసే విధానమూ నేర్పుతారు. ఇది ధర్మమేనా?

ఈ సందేహం ఏమీ తెలియనివారిది మాత్రమే కాదు. 2003లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం విద్యార్థులచేత వైరస్‌లు రాయించి నేర్పుతామని ప్రకటించినప్పుడు, వైరస్‌లను అరికట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీలవారే గట్టిగా అభ్యంతరం చెప్పారు. రక్షణ నేర్చుకోవడానికి కొత్త వైరస్ తయారు చేయనవసరం లేదన్నారు. విశ్వవిద్యాలయం మాత్రం బయటి నెట్‌వర్కుతో సంబంధంలేని ప్రయోగశాల ఏర్పాటు చేసి, చట్టమూ నీతీ పాఠాల్లో చేర్చి, కోర్సు నడిపింది.

నిజానికి ఈ తగవు కంప్యూటర్లకంటే పాతది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు, ఎవరూ తీయలేరని పేరుపడ్డ బ్రామా తాళాన్ని తాళంచెవి లేకుండా తెరిచాడు. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. గుట్టు రట్టుచేసి దొంగలకు దారి చూపాడని కొందరు కోప్పడ్డారు. ఆ గుట్టు దొంగలకు ఎప్పుడో తెలుసు, తెలియనిది తాళం కొన్నవారికేనని ఆయన పక్షంవారు బదులిచ్చారు. నాకు ఈ జవాబే సబబుగా తోస్తుంది. తలుపు బలహీనమని తెలిసీ దాచిపెట్టడం ఇంటివారికి చేసే ఉపకారం కాదు. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ తాళాన్ని తీయగలిగినవారికి 200 గినీలు ఇస్తామని దాని యజమానులే పందెం కట్టి, దుకాణం కిటికీలో పెట్టారు. పిలిస్తేనే హాబ్స్ వెళ్లాడు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్‌ను ఎవరూ పిలవలేదు. 1988 నవంబరు 2న అతడు తాను రాసిన ప్రోగ్రామును ఇంటర్నెట్‌లోకి వదిలాడు. యంత్రం నుంచి యంత్రానికి తనంతట తాను పాకే ఇటువంటి ప్రోగ్రామును ‘వర్మ్’, అనగా పురుగు అంటారు. ఫైళ్లు చెరపడం దాని పని కాదు. ఒక యంత్రంలో తన ప్రతి ముందే ఉన్నదా అని విచారించేది. ఉన్నదని జవాబు వచ్చినా, ఏడింట ఒకసారి లెక్కచేయక మరల చేరేది. అక్కడే లెక్క తప్పింది. ప్రతులమీద ప్రతులు పేరుకొని, సుమారు 6,000 యంత్రాలు దాని బారిన పడ్డాయని అప్పటి అంచనా. ఒక మిత్రుని ద్వారా క్షమాపణ, దాన్ని ఆపే ఉపాయం పంపించాడు గాని, నెట్‌వర్కే స్తంభించినందున ఆ కబురు సమయానికి అందలేదు.

నష్టం చేయాలన్న ఉద్దేశం తనకు లేదని అతడు వాదించాడు. ఆ ఉద్దేశాన్ని రుజువు చేయనక్కరలేదు, అనుమతి లేకుండా ప్రవేశించాలని బుద్ధిపూర్వకంగా పూనుకున్నాడా అన్నదే ముఖ్యమని 1991లో అప్పీలు కోర్టు తేల్చింది. మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా ఖాయమయ్యాయి.

“చూశానంతే, ఏమీ తీయలేదు” అనే మాట మన బిడ్డల నోటా రావచ్చు. మనం ఊరెళ్లినప్పుడు పక్కింటాయన తలుపు తెరుచుకొని వచ్చి, బీరువాలోని ఉత్తరాలు చదివి, మళ్లీ సర్ది వెళితే, మనకేమీ పోలేదని ఊరుకుంటామా? ఆసుపత్రి రికార్డులు, బ్యాంకు ఖాతాలు కూడా అటువంటి బీరువాలే. మన దేశపు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోనూ యజమాని అనుమతి అన్న మాటే కీలకం. కాబట్టి కోర్సు మాన్పించనక్కరలేదు. ఎవరి యంత్రంమీద అభ్యాసం చేస్తున్నావు, వారు ఒప్పుకున్నారా అని బిడ్డను అడగండి. కాలేజీ పరీక్షల కంప్యూటరుమీద సరదాకు ప్రయత్నించాం అంటే మాత్రం ఊరుకోరాదు. మార్కులు వేసే అధ్యాపకుడు తెలివిని కొలవగలడు గాని, హాస్టలు గదిలో అర్ధరాత్రి ఒంటరిగా కూర్చున్న కుర్రవాడు ఏం చేస్తాడో ఆయనకేం తెలుస్తుంది? ఒకటి రెండు నీతి పాఠాలు జతచేసి చేతులు దులుపుకునే కాలేజీలమీద నాకు అంత నమ్మకం లేదు.

ఇక మోరిస్ సంగతి. శిక్షాకాలం పూర్తిచేసుకొని, పై చదువు ముగించి, అతడు ఎం.ఐ.టి.లో ఆచార్యుడయ్యాడు. ఆనాడు ఆ పురుగును వదిలింది ఆ ఎం.ఐ.టి. యంత్రం నుంచే.