ధర్మరాజు వదలని కుక్క

🙏 ఈ వారం ధర్మచింతన 🙏

సెలవుల్లో పిల్లలతో కూర్చుని చూడదగ్గ సినిమా ‘హాచీ’. 2009లో వచ్చింది, రిచర్డ్ గేర్ నటించారు. రోజూ రైలెక్కి పాఠం చెప్పడానికి వెళ్ళే ఒక ప్రొఫెసరు, సాయంత్రం ఆయన దిగే వేళకి స్టేషన్ బయట కాచుకుని ఉండే కుక్క. ఒకరోజు ఆయన తిరిగి రాడు. కుక్క మాత్రం రావడం మానదు.

ఇది ఉత్త కథ కాదండీ, జపాన్‌లో నిజంగా జరిగింది. టోక్యోలో వ్యవసాయ శాస్త్రం బోధించే ఊఎనో గారు 1925 మే నెలలో హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన పెంచిన హాచికో 1935 మార్చిలో తాను చనిపోయేదాకా, దాదాపు పదేళ్ళు, షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసింది. అది బతికుండగానే 1934లో అక్కడ దాని విగ్రహం పెట్టారు.

సినిమా అయ్యాక అందరం కళ్ళు తుడుచుకుని "మనుషులకంటే కుక్కలే నయం" అనుకుని లేచిపోతాం. అక్కడే ఆగిపోతే సగమే అర్థమైనట్టు. విశ్వాసం కుక్కది, సరే. మరి దాన్ని నమ్మించుకున్న మనిషి ధర్మం ఏమిటి?

దీనికి జవాబు మన భారతంలోనే ఉంది. మహాప్రస్థానంలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయారు. చివరికి ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు, కుక్కని మాత్రం వదిలేయమన్నాడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని నా సుఖం కోసం వదిలితే అది మహాపాపం అన్నాడు.

అప్పుడు ఇంద్రుడు గట్టి ప్రశ్నే వేశాడు. తమ్ముళ్ళనీ భార్యనీ దారిలో వదిలి వచ్చావు కదా, కుక్క దగ్గరకొచ్చేసరికి ఇంత పట్టుదల ఎందుకు?

ధర్మరాజు జవాబు జాగ్రత్తగా వినండి. వాళ్ళు చనిపోయారు, బతికించడం నా చేతిలో లేదు. బతికి ఉండగా ఎవరినీ నేను వదల్లేదు. ఈ కుక్క బతికే ఉంది.

ఆ కుక్క యమధర్మరాజేనని తర్వాత తెలిసింది. కానీ మాట ఇచ్చేటప్పుడు ధర్మరాజుకి అది తెలియదు. అందుకే ఆ మాటకి విలువ.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. పిల్లలు అడిగారని కుక్కపిల్లని తెస్తాం. మూడేళ్ళకి ఉద్యోగం మారుతుంది, వీసా అయిపోతుంది, దేశం మారాలి. టీకాలు, కాగితాలు, విమానం ఖర్చు చూసి గుండె జారుతుంది. నిజంగా తీసుకెళ్ళలేని పరిస్థితి ఉండొచ్చు, కాదనను. కానీ తీసుకెళ్ళలేకపోవడం వేరు, వదిలేయడం వేరు. నెలల ముందే వెతికి మంచి ఇల్లు చూసి, దగ్గరుండి అప్పగిస్తే అది ధర్మం. ఆఖరి రోజు వీధిలో విడిచి విమానం ఎక్కితే మాత్రం, మనం ఎక్కింది ధర్మరాజు కాదన్న రథమే.

ఇంకొక మాట. ఆ ప్రొఫెసరుగారు రాలేకపోయారు. చావు అడ్డుపడింది, ఆయన తప్పేం లేదు. రాగలిగి కూడా రానివాళ్ళ మాటేమిటి? ఊళ్ళో అమ్మానాన్నలు మన ఫోను మోగే వేళకి పనులు ముగించుకుని కూర్చుంటారు. ఈ వారం కుదరలేదంటే "పర్లేదులే నాన్నా, పని చూసుకో" అంటారు. మళ్ళీ వారం అదే కుర్చీలో, అదే వేళకి కూర్చుంటారు. పోయాక ఎంత ఘనంగా కర్మలు చేసినా ఆ ఎదురుచూపు తీరదు. బతికి ఉండగా వదలకపోవడమే ధర్మరాజు మనకి చెప్పిన లెక్క.

పిల్లలకి సినిమా చూపించండి. ఆ తర్వాత ఈ కథ చెప్పండి. చెప్పాక, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఊరికి ఒక ఫోను చెయ్యండి.

శుభం భూయాత్ 🙏