స్తంభాలు లేని సభ

సభాభవనం ఎవరిది? అద్దె కట్టినవాళ్లదా, మైకు పట్టినవాళ్లదా, ఇటుక మోసినవాళ్లదా? పుప్పాలగూడలో లేస్తున్న అంతస్తుల పక్కన కూలీల రేకుల షెడ్లు చూసినప్పుడు ఈ ప్రశ్న మనకు తప్పదు. పాలమూరు తండాల నుంచి నగరానికి తట్టాపార పట్టుకొని వలస రావడం మనకు కొత్త కథేమీ కాదు.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే రెండు పెద్ద కట్టడాలున్నాయి. 2003లో మొదలైన హైటెక్స్ వస్తు ప్రదర్శనలకు; 2006లో మొదలైన హెచ్‌ఐసీసీ సమావేశాలకు. హెచ్‌ఐసీసీ పెద్ద హాలులో 5,000 మంది కూర్చోవచ్చు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. అవసరమైతే దాన్ని ఆరు చిన్న హాళ్లుగా విడదీయవచ్చు. చివరి వరుసలో ఉన్నవాళ్లకూ వేదిక కనబడాలన్న ఆలోచన మంచిదే.

అయితే స్తంభం తీసేసినంత మాత్రాన కప్పు బరువు ఎక్కడికీ పోదు. ఇలాంటి హాళ్లలో పొడవాటి దూలాలు ఆ బరువును పక్కలకు చేరుస్తాయి. అంచుల్లోని స్తంభాలు దాన్ని పునాదికి దించుతాయి. మధ్య జాగా ఎంత విశాలమైతే అంచుల మీద భారం అంత ఎక్కువ.

2012 అక్టోబరులో హెచ్‌ఐసీసీలోనే జీవవైవిధ్య ఒప్పందంపై ప్రపంచ దేశాల 11వ సమావేశం జరిగింది. ఆ ఒప్పందంలోని 8(జె) అధికరణం ఆదివాసుల, స్థానిక సమూహాల సంప్రదాయ జ్ఞానాన్ని గౌరవించాలంటుంది. వాళ్ల ఆమోదంతో, భాగస్వామ్యంతో దాన్ని వాడాలని, వచ్చిన లాభాన్ని న్యాయంగా పంచాలని చెబుతుంది. మన విత్తనం, మన మందుమొక్క అక్కడి చర్చలో భాగమే.

"కూలి ఇచ్చాం కదా, ఇంకేం బాకీ?" అని ఎవరైనా అడగవచ్చు. వడ్రంగి తాను చేసిన తలుపు తనదే అనడు, నిజమే. కూలి చేతిపనికి వెల. మన అడవి గురించి, మన బతుకు గురించి చేసే నిర్ణయానికి మాత్రం కూలి లెక్క సరిపోదు. అక్కడ మన ఒప్పుకోలు కావాలి.

1996 నాటి పీసా చట్టం కూడా ఈ దారిలోనిదే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అభివృద్ధి పనులకు భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలంటుంది. గ్రామసభకు చల్లని హాలు అక్కర్లేదు, చెట్టు నీడ చాలు. కాని ముందే రాసిన తీర్మానం మీద వేలిముద్రలు వేయించుకుంటే చెట్టు కిందైనా అది సభ కాదు. 2022 సెప్టెంబరు 17న బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి. మన పేర్లతో భవనాలు రావడం సంతోషమే. వాటినీ ఇదే కొలతతో చూడాలి: భారం మోసేవాళ్లకు అక్కడ మాట ఉందా? వద్దనే వీలుందా?

ఉపాధ్యాయులారా, పిల్లలకు నగరం చూపించేటప్పుడు ఈ భవనాలనూ చూపించండి. కప్పు బరువు ఎటు దిగుతోందో వాళ్లనే వెతకమనండి. ఆ పిల్లల్లో కొందరు రేపు ఇంజనీర్లుగా, ప్రతినిధులుగా ఆ హాళ్లలోకి వెళ్తారు. వెళ్లే ముందు గూడెంలో, తండాలో అందరి మాటా విని వెళ్లాలి. వచ్చాక అక్కడ ఏం జరిగిందో అందరికీ చెప్పాలి.