లెక్క చెయ్యడం, లెక్క చెప్పడం

జిగణి పారిశ్రామికవాడలో గ్రానైటు పలకలు పాలిష్ చేసే ఒకాయన పోయినేడు మా బ్యాంకుకు వచ్చాడు. అనంతపురం వైపు మనిషి. లక్ష రూపాయల అప్పు, ఏడాదికి నూటికి 12 వడ్డీ, ఐదేళ్ల గడువు, నెలకు 2,224 రూపాయల కంతు. "సంవత్సరం తప్పకుండా కట్టినా సార్. 26 వేలు దాటింది. అప్పు పదిహేనున్నర వేలే తగ్గిందేమి?" అని చీటీ చూపించాడు. అతని వెనక జనం నిలబడి ఉన్నారు. "కంప్యూటర్ లెక్కప్పా, తప్పు పోదు" అన్నాను. "సరే సార్" అని వెళ్లిపోయాడు. ఆ "సరే"లో ఒప్పుకోలు లేదు. లెక్క తప్పు కాదు, నేను మోసగాణ్ణీ కాను. అయినా ఆ రాత్రి నాకు మనసు కుదుటపడలేదు.

నేను బి.కాం. చదివి 1990లలో బ్యాంకులో చేరినవాణ్ణి. అప్పట్లో సేవింగ్స్ ఖాతాల వడ్డీ చేత్తో వేసేవాళ్లం. నెలలో పదో తేదీ నుంచి ఆఖరు రోజు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ. ఒకరు వేస్తే మరొకరు సరిచూసి సంతకం పెట్టాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ ఇవ్వడం వచ్చింది. అన్ని ఖాతాలకూ అది చేత్తో అయ్యే పని కాదు. యంత్రం ఉండబట్టే ఖాతాదారుకు ఆ మేలు జరిగింది. కనుక పాత లెడ్జర్ల కోసం నేను విచారించడం లేదు. వాటిలో మేము చేసిన తప్పులూ తక్కువేం కాదు.

ఇప్పుడు యంత్రం వడ్డీ లెక్కలు దాటి చాలా దూరం పోయింది. 2014లో వచ్చిన ఫొటోమ్యాత్, పుస్తకంలోని లెక్కను ఫోనుతో ఫొటో తీస్తే చాలు, జవాబుతో పాటు మెట్లు కూడా చూపింది. 2025 జూలైలో ఆస్ట్రేలియాలో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కల్లో గూగుల్, ఓపెన్‌ఏఐ సంస్థల ప్రోగ్రాములు ఆరింట ఐదు సాధించి, 42 మార్కులకు 35 తెచ్చుకున్నాయి. అది బంగారు పతకం స్థాయి. ఆరో లెక్క వాటికి లొంగలేదు. పోటీకి వచ్చిన పిల్లల్లో కొందరు దాన్నీ చేశారు. రేపో మాపో అదీ లొంగవచ్చు. "యంత్రానికి ఇది రాదు" అని మనకు మనం ధైర్యం చెప్పుకోవడంలో అర్థం లేదు.

నా ప్రశ్న వేరు. మన భాషలో లెక్క చెయ్యడం ఒకటి, లెక్క చెప్పడం మరొకటి. పెళ్లిలో డబ్బు ఖర్చు పెట్టినవాడు ఇంటిపెద్దకు లెక్క చెబుతాడు. చెప్పడమంటే అంకెలు చదివెయ్యడం కాదు. అడిగినవాడి ఎదుట నిలబడడం, తప్పు తేలితే తన నెత్తిన వేసుకోవడం.

దీనికి ఒక మిత్రుడు అడ్డు చెప్పాడు. ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. తోబుట్టువు చదివే పాఠాలు విని లెక్కలు నేర్చి, ఎన్నో సభల్లో గణితావధానం చేశారు. ఆయన నోట జవాబు వచ్చేదే గాని, అది ఎలా వచ్చిందో సభకు తెలిసేది కాదు గదా, మరి యంత్రానికీ ఆయనకూ తేడా ఏమిటన్నాడు. బాగానే అడిగాడు. కాని శర్మగారు సభలో అందరి ఎదుటా కూర్చున్నారు. జవాబు తప్పితే పోయేది ఆయన పేరే. యంత్రం తప్పితే దానికి పోయేదేమీ లేదు. పోయేది అప్పు తీసుకున్నవాడికి. కాబట్టి ఆ జవాబును అతని చేతికిచ్చే మనిషే దానికి పూచీ పడాలి. "కంప్యూటర్ లెక్క" అన్న రోజు నేను పూచీ పడలేదు, కంప్యూటర్ చాటున దాక్కున్నాను.

తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్షుడి కాలంలో, ఈ కన్నడ సీమలోనే, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పండితులకు సంస్కృతం చాలదా? సంస్కృతం రానివాడు కూడా తన లెక్క తన మాటల్లో సరిచూసుకోవాలనే ఆ శ్రమ పడ్డాడని నేననుకుంటాను. పరభాషా ప్రాంతంలో కౌంటరు ముందు నిలబడే మనవాళ్లకు ఆ శ్రమ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో మొదలుపెట్టాను. మొదటి నెల లక్ష మీద వడ్డీ 1,000, కంతులో మిగిలిన 1,224 అసలుకు. రెండో నెల 98,776 మీద వడ్డీ 988. ఇలా పన్నెండు నెలలూ వేసేసరికి రెండుచోట్ల తప్పాను, ముప్పావు గంట పట్టింది. మరుసటి నెల అతను కంతు కట్టడానికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి వరస వరసా చెప్పాను. వేలు పెట్టుకుంటూ చూశాడు. కాసేపాగి, "అట్లయితే ఉగాదికి ఐదు వేలు ఎక్కువ కడితే అంతా అసలుకే పోతుందా సార్?" అని అడిగాడు.

"పోతుందప్పా, అక్కణ్ణుంచి వడ్డీ కూడా తగ్గుతుంది" అన్నాను.

ఆ కాగితం ఇమ్మన్నాడు. అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టి ఇచ్చాను.