ఎవరి గొంతు, ఎవరి చెవి

వినడమంటే ఏమిటి? ధ్వనిని చెవికి చేర్చుకోవడమా, ఆ ధ్వని వెనకున్న మనిషికి చోటివ్వడమా? స్త్రీల గొంతు గురించి సాహిత్యంలో చాలానే మాట్లాడుకున్నాం. ఆ గొంతుని వినే చెవి గురించి మాట్లాడుకున్నది తక్కువ. ఈ ప్రశ్న నాకు ఏమాత్రం ఊహించని చోట ఎదురైంది. ఖరీదైన ఆడియో పరికరాల ప్రదర్శనలో.

జర్మనీలో 1982లో మొదలైన ‘హై ఎండ్’ ప్రదర్శనకి 2004 నుంచి 2025 దాకా మ్యూనిక్ నగరమే వేదిక. ఆ తర్వాత దాన్ని వియన్నాకి మార్చారు. 2024 మేలో పరిశోధన పనిమీద మ్యూనిక్‌లో ఉండి, ఒక పూట వెళ్ళి చూశాను. మసక వెలుతురు గదులు, మనిషెత్తు స్పీకర్లు, ఎర్రగా వెలిగే వాల్వులు, కారు ఖరీదుని మించిన టర్న్‌టేబుళ్ళు. వరసగా వేసిన కుర్చీల్లో దాదాపు అందరూ మగవాళ్ళే.

వినిపిస్తున్నది మాత్రం ఎక్కువగా స్త్రీ కంఠం. జెన్నిఫర్ వార్న్స్, డయానా క్రాల్, నోరా జోన్స్ - ఇలాంటి చోట్ల ఏళ్ళ తరబడి పరికరాలకి పరీక్షపెడుతున్న గొంతులివి. మన చెవికి బాగా పరిచయమైన ధ్వని మనిషి గొంతే కాబట్టి అందులో కాస్త తేడా వచ్చినా యంత్రం లోపం బయటపడిపోతుంది. కళ్ళు మూసుకుని, ఊపిరి చప్పుడు కూడా వదలకుండా వింటున్న ఆ ముఖాల్లోని శ్రద్ధ నిజమైనదే. ఒక స్త్రీ గొంతుని ఇంతమంది పురుషులు ఇంత నిశ్శబ్దంగా, మధ్యలో అడ్డుపడకుండా వినడం నేను ఏ సెమినార్ హాల్లోనూ చూడలేదు.

అంతకన్నా ఆలోచించాల్సింది మరొకటుంది. గొంతు గరుకుగా వినిపిస్తే అక్కడ ఎవరూ గాయనిని తప్పుపట్టరు. ముందు గదిని అనుమానిస్తారు. ఖాళీ గోడ శబ్దాన్ని తిప్పికొడుతోందేమో, కర్టెన్ వెయ్యాలంటారు. స్పీకర్‌ని జానెడు పక్కకి జరుపుతారు. ఆంప్లిఫయర్ ఇంకా వేడెక్కలేదంటారు. హై ఫిడిలిటీ అన్న మాటకి అర్థమే అది. మూలానికి నమ్మకంగా ఉండాల్సిన బాధ్యత యంత్రానిదీ, గదిదీ. గొంతుది కాదు.

అదే స్త్రీ పాట ఆపి మాట్లాడితే? ఎంపీ3 చరిత్రలో ఇందుకో ఉదాహరణ ఉంది. దాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుల్లో ముఖ్యుడైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ని పరీక్షకి వాడుకున్నాడు. మొదట్లో ఆమె గొంతు వికృతంగా వచ్చింది. ఆ గొంతు సరిగా పలికేదాకా వాళ్ళు తమ విధానాన్నే సవరించుకుంటూ పోయారు. 2007లో ఆ పరిశోధన సంస్థకి అతిథిగా వెళ్ళిన వేగా, మూలంలోని వెచ్చదనం ఎంపీ3లో తగ్గినట్టుందని అంది. లేదు, రెండూ ఒకటేనని అక్కడి నిపుణుడు కొట్టిపారేశాడు. ఈ సంగతి ఆమే 2008లో రాసుకుంది. పాడినప్పుడు ఆమె గొంతు ప్రమాణం. మాట్లాడినప్పుడు ఆమె చెవి ప్రమాణం కాలేదు!

ఈ పరికరాలు చేరేది ఇళ్ళకే. అక్కడ స్త్రీకి ఇచ్చిన పాత్ర చూడండి. 1980ల నుంచి హై-ఫై లోకంలో ‘వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్’ అనే మాట చలామణిలో ఉంది. అంత పెద్ద పెట్టెల్ని హాల్లో పెట్టుకోవడానికి భార్య ఒప్పుకుంటుందా అని వేసే లెక్క అది. ఆమె వింటుందన్న ఊహ అందులో లేదు. 1948-59 మధ్య అమెరికాలో, ఇల్లు ఆడవాళ్ళ చేతిలోకి పోయిందనుకున్న మగవాళ్ళు తమ చోటు దక్కించుకోవడానికి హై-ఫైని ఎలా వాడుకున్నారో కీర్ కైట్లీ 1996లోనే విశ్లేషించాడు. శబ్దం సరిగ్గా కుదిరేది రెండు స్పీకర్లకీ సమదూరంలో వేసిన ఒక్క కుర్చీలోనే. ఒక పాట పూర్తయ్యేదాకా లేవకుండా ఆ కుర్చీలో కూర్చునే తీరిక ఎవరిది? మా అమ్మ వివిధభారతి పాటలన్నీ కుక్కర్ కూతల మధ్య, తడిచేతులతో విన్నదే. అయినా ఆమెకి ప్రతి చరణం వచ్చు.

రికార్డులోని గొంతు ఎదురు ప్రశ్నించదు, ఇంటిపనిలో వాటా అడగదు, అందుకే దాన్ని గౌరవించడం సులువని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ ఆ గదుల్లో పాటించే నియమాన్ని అక్కడే వదిలెయ్యడం నాకు ఇష్టంలేదు. గొంతు గరుకుగా వినిపిస్తే ముందు గదిని పరీక్షించుకోవాలన్న నియమం సంగీతానికి మాత్రమే పనికొచ్చేది కాదు.

స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడు అశ్లీలమన్నారు, అరుపులన్నారు. అన్నవాళ్ళలో ఎందరు తాము కూర్చున్న గది గోడల్ని తడిమి చూసుకున్నారు? ఈ ప్రశ్న మనవైపూ తిరుగుతుంది. గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ 2003లో వచ్చేనాటికే దళిత స్త్రీలు స్త్రీవాదాన్ని నిలదీస్తున్నారు. ఆ గొంతులు మరీ కటువుగా ఉన్నాయని మన సభల్లోనూ వినపడింది. అప్పుడు మనం దేన్ని సవరించాలనుకున్నాం, గొంతునా, గదినా? కుర్చీ ఎవరిదన్న ప్రశ్న మగవాళ్ళని అడిగినంత గట్టిగా మనల్ని మనం అడుక్కున్నామా?