నాటినవాడు, కాచినవాడు



ఇంగ్లండు దేశమున హార్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో సెయింట్ పాల్స్ వాల్డెన్ బరీ అను పాత జమీందారీ గృహమున్నది. రెండవ ఎలిజబెత్ రాణి తల్లి (1900–2002) బాల్యము చాలవరకు ఇచ్చటనే గడచెను. దాని తోటను చూడబోవువాడు ఇంటియెదుట నిలిచినయెడల, మూడు తిన్నని పచ్చికబాటలు విడివిడిగా అడవిలోనికి పోవుట చూచును. వాటి ప్రక్కల బీచ్ చెట్లను గోడలవలె కత్తిరించి పెంచిరి. ఒక బాట గ్రామపు చర్చివైపు చూపును నడిపించును.

ఈ తోట 18వ శతాబ్దపు తొలిభాగమున వేయబడెను. ఆ శతాబ్దములోనే అభిరుచి మారెను. లాన్సిలాట్ బ్రౌన్ (1716–1783) కాలమున అనేక ఎస్టేటులలో తిన్నని బాటలను చెరిపి, వంపుల పచ్చికబయళ్లు చేసిరి. ఈ తోట మాత్రము నిలిచెను.

ఇందులో ఎవరు గొప్ప? నాటినవాడా, కాచినవాడా? బీచ్ చెట్టు ఎదుగుటకు మనుష్యుని ఆయుష్షు చాలదు. తాను కూర్చుండని నీడకొరకు గోతులు త్రవ్వించుట గొప్ప సంగతియే. అయితే కత్తెర కొన్ని ఏండ్లు ఆగినయెడల గోడ పొదయగును, బాట అడవిలో కలిసిపోవును. కత్తెర పట్టిన పనివాడు క్రొత్తదేమియు చేయలేదు. ఉన్నది పాడుకాకుండ చూచెను, అంతే. అతని పేరు అడుగువారు అరుదు. అయినను నేటి సందర్శకుడు నడచుచున్నది అతడు తెరచియుంచిన బాటలోనే. ప్రతి తరమును కాచుటవలననే ఆ తోటను మరల నాటినది.

మనకప్పగింపబడినది పొలమైనను, కుటుంబమైనను, సంఘమైనను, పెద్దలు నాటిరని అతిశయించుట చాలదు. ఈ యేడు కత్తెర ఎవరి చేతిలోనున్నది?