వాల్వు ఎవరి చేతిలో ఉంది?

ఒకే పనికి మన దగ్గర రెండు క్రియలున్నాయి. పొన్నూరు పక్క చేలల్లో చేస్తే "కాయడం". పోర్ట్‌లాండ్‌లో గరాజ్‌లో చేస్తే "బ్రూ చేయడం". మొదటిది ఎక్సైజు వాళ్ళ పంచనామాలో కనిపిస్తుంది, రెండోది ఇన్‌స్టాగ్రామ్‌లో. రెండు చోట్లా ఈస్ట్ చేసే పని ఒకటే: చక్కెర తిని ఆల్కహాల్‌నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ వదలడం. మరి మనిషి చేసే పని కూడా ఒకటేనా? ఈ ప్రశ్న నాకు ఒక పెట్టె వల్ల వచ్చింది.

మా బావ, అంటే మా మేనత్త కొడుకు, పొన్నూరులో పుట్టి పెరిగి, పదేళ్ళుగా పోర్ట్‌లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంట్లో బీరు చేస్తాడు. ఇంట్లోనే తాగితే ఇబ్బంది లేదు: ఫ్రిజ్‌లో కెగ్గు, పక్కన గ్యాస్ సిలిండర్. స్నేహితుల ఇంటికి పట్టుకెళ్ళాలంటే మాత్రం ఆ సిలిండర్ మోయడం పెద్ద పని. అందుకని పనిముట్లు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొని, అందులో 74 గ్రాముల గ్యాస్ కార్ట్రిడ్జ్, అరచేతిలో పట్టే రెగ్యులేటర్, చిన్న గేజ్, ఓ పది అడుగుల సన్న గొట్టం, దాని చివర బొటనవేలితో నొక్కే కుళాయి అమర్చాడు. లెక్క కూడా పక్కాగా వేశాడు. 19 లీటర్ల కెగ్గులో బీరుకి గ్యాస్ ముందే పట్టించి, 4 డిగ్రీల దగ్గర ఉంచి, 12 పీఎస్ఐతో పోస్తే, బయటికి పోయిన బీరు వదిలిన ఖాళీని నింపడానికి దాదాపు 65, 70 గ్రాముల గ్యాస్ చాలు. అంటే ఒక్క కార్ట్రిడ్జ్‌తో కెగ్గు ఖాళీ. గొట్టం అంత పొడుగెందుకంటే ఒత్తిడి దారిలోనే తగ్గాలి. పొట్టిదైతే గ్లాసు నిండా నురగే.

ఇంజనీరుగా నాకు ముచ్చటేసింది. ఈ పెట్టెలో ముఖ్యమైన వస్తువు రెగ్యులేటర్. గది వేడిలో ఆ చిన్న కార్ట్రిడ్జ్ లోపల 800 పీఎస్ఐకి పైనే ఉంటుంది. దాన్ని 12కి దించకపోతే అది పెట్టె కాదు, బాంబు. మా ఊరి ఎండలో ఇంకా కష్టం. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉండలేదు, ఒత్తిడి వెయ్యి దాటిపోతుంది. పొన్నూరులో మే నెల మధ్యాహ్నం కారులో ఈ పెట్టె వదిలేసి భోజనానికి వెళ్ళడం మంచిది కాదు.

ఈ గ్యాస్ మనకి కొత్తదేం కాదు. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఇంగ్లాండులో లీడ్స్ అనే ఊళ్ళో ఒక బీరు బట్టీ పక్కన కాపురం పెట్టాడు. పులుస్తున్న తొట్ల మీద తేలుతున్న గాలిని నీళ్ళలోకి పట్టించాడు. సోడా అలా పుట్టింది. హిరమ్ కాడ్ 1872లో పేటెంట్ తీసుకున్న గోళీ సీసా మన ఊళ్ళ బడ్డీకొట్లదాకా వచ్చింది. బీరు దగ్గర పుట్టిన గాలిని మనం నిమ్మరసంలో కలుపుకుని, పిల్లలకి కూడా పట్టించి, ఏ పాపమూ అంటలేదనుకున్నాం.

సరైన పోలిక సారాతో కాదు. సారా బట్టీ పెట్టి దించేది. అలా దించడం అమెరికాలో కూడా ఇంట్లో చేస్తే నేరమే. బీరుకి మన దగ్గర సాటి వచ్చేది తాటికల్లు. చెట్టు మీద లొట్టిలో గీత గీసినప్పుడు పడేది తియ్యటి రసం. గాల్లో ఉన్న ఈస్ట్ దాన్ని గంటల్లో పులియబెడుతుంది. అందులో ఆల్కహాల్ దాదాపు బావ బీరులో ఉన్నంతే. ముంత మీద నురగ కూడా అదే గ్యాస్, సిలిండర్ అక్కర్లేకుండా. లొట్టికి సున్నం రాస్తే పులవదు, దాన్ని నీరా అంటాం. అంటే గీసేవాడికీ తన రెగ్యులేటర్ ఉంది, అది సున్నం. ఇంత తెలిసినవాణ్ణి మనం "కల్లు గీసేవాడు" అని ఏకవచనంలో తీసేస్తాం. బావని "క్రాఫ్ట్ బ్రూవర్" అంటాం.

చట్టం సంగతి చూద్దాం. మన 1968 ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చేయడం నేరం. అమెరికా కూడా ఎప్పటినుంచో ఉదారంగా ఏం లేదు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక కూడా ఇంటి బీరుకి ఫెడరల్ అనుమతి రాలేదు. 1978లో కార్టర్ సంతకం పెడితే 1979లో అమల్లోకొచ్చింది. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు ఒప్పుకున్నది 2013లో. హద్దులు కూడా ఉన్నాయి: పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. అన్నిటికంటే ముఖ్యమైన షరతు, అమ్మకూడదు.

ఇక్కడితో వ్యాసం ఆపేస్తే సులువుగా ఒక తీర్పు దొరుకుతుంది. వీసా ఉన్నవాడు చేస్తే కళ, లేనివాడు చేస్తే నేరం, కాబట్టి మనది హిపోక్రసీ. అందులో నిజం ఉంది. కానీ ఆ తీర్పులో మా అత్త లేదు.

అత్త ఇప్పుడు బావ దగ్గరే ఉంది, ఆరు నెలలకి వెళ్ళింది. వచ్చే నెల వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం. పొద్దున వ్రతం, సాయంత్రం స్నేహితులకి బీరు. పెట్టె అందుకోసమే చేశాడు. దాన్ని చూసి అత్త అందట: "బానే ఉందిరా, ఇంత చిన్న పెట్టెలో పట్టించావు. మీ నాన్న తాగింది పట్టడానికి ఎకరంన్నర మిరప చేను కూడా చాల్లేదు." మళ్ళీ ఏమీ అనలేదట. బావ నాకు ఫోన్ చేసి అడిగాడు, "ఏరా, అమ్మ ఉండగా తియ్యొచ్చా?"

మా ఊరి దేవుడి పేరు సాక్షి భావనారాయణ స్వామి. ఇచ్చిన మాటకి సాక్ష్యం చెప్పడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడని స్థలపురాణం. సాక్షి ఉన్న చోట లెక్క మారుతుందన్నది మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. అత్త అలాంటి సాక్షి.

మావయ్య తాగింది ఎవరో ఇంట్లో చేసింది కాదు. ప్రభుత్వం వేలం వేసి అమ్మించిన సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో చదువుకుంటున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో రెండోది పోయింది. నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. ఆ ఆడవాళ్ళు అడ్డుకున్నది ఎవరి చేతిపనినీ కాదు. తమ ఇంట్లోకి వస్తున్న ఒత్తిడిని. కూలి డబ్బు ఇంటికి చేరకముందే అంగడికి చేరేలా అమర్చిన గొట్టాన్ని. ఆ గొట్టం మీద ఎక్కడా వాళ్ళకంటూ ఒక వాల్వు లేదు. అందుకే వెళ్ళి వేలం దగ్గరే మూసేశారు.

జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో 'ఆన్ లిబర్టీ'లో మద్యనిషేధాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. తాగడం ఎవడి సొంత విషయం వాడిది. తాగి కుటుంబాన్ని పోషించలేకపోతే మాత్రం బాధ్యత తప్పినందుకు శిక్షించవచ్చు, తాగినందుకు కాదు అన్నది అతని వాదన. తర్కం బాగుంది. అయితే అతని శిక్ష ఎప్పుడూ తర్వాత వస్తుంది. అమ్మేసిన చేను తర్వాత తిరిగి రాదు. రెగ్యులేటర్‌ని సిలిండర్ పేలాక బిగించం కదా.

అందుకని నాకు తోచిన ప్రమాణం ఇది. తాగుడు తప్పా, చేయడం తప్పా, చట్టం ఏమంటుంది అన్నవాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న: దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారో వాళ్ళ చేతికి వాల్వు అందుతోందా? బావ ఇంట్లో మామూలు రోజుల్లో అందుతుంది. అక్క "ఈ నెల వద్దు" అంటే ఆ నెల కెగ్గు ఉండదు. మావయ్య ఇంట్లో అందలేదు. చెట్టెక్కే మనిషిని చిన్నచూపు చూడటం ఈ ప్రమాణం ప్రకారం అన్యాయం. అలాగే "అందరూ చేసుకోనివ్వండి, ఇదంతా మన సంస్కృతే" అని తేలిగ్గా అనేయడం కూడా.

దీనికి అభ్యంతరం ఉంది. ప్రతి సరదాకీ ఎవరో ఒకరి అనుమతి కావాలంటే మనిషి స్వేచ్ఛ ఏమవుతుంది? నిజమే, వీధిలో వాళ్ళందరికీ వాల్వు ఇవ్వనక్కర్లేదు. మన సరదాకి డబ్బు కట్టేవాళ్ళూ, ఒకప్పుడు కట్టి ఇంకా తీరనివాళ్ళూ చాలు. ఆ జాబితా చిన్నది. మా బావ విషయంలో ఇద్దరే.

ఇంకో చిక్కుంది. కొడుకు ఇంట్లో, తెలియని దేశంలో, ఆరు నెలలకి వచ్చిన తల్లిని పెట్టె ముందు పెట్టి "పర్వాలేదా అమ్మా?" అంటే ఆవిడ ఏమంటుంది? "నీ ఇష్టం నాయనా" అంటుంది. అది అనుమతి కాదు. అప్పటికే వాల్వు తెరిచి ఉంది, ఆవిణ్ణి గ్లాసు పట్టుకోమన్నామంతే.

బావకి నేను చెప్పింది ఇదే: ముందు పెట్టెని తీసుకెళ్ళి స్నేహితుడి ఇంట్లో పెట్టు. పిలిచినవాళ్ళకి ఆ రోజు గోళీ సోడా లాంటిదే ఉంటుందని చెప్పేయ్. ఆ తర్వాత అత్తని అడుగు. అప్పుడు "వద్దు" అనడానికి ఆవిడకి ఏ మొహమాటమూ ఉండదు. "తెచ్చుకోరా" అంటే అది నిజంగా ఆవిడ మాటే అవుతుంది.